అరువు తోడు

మేరుశిఖర కన్‌స్ట్రక్షన్స్‌ని ఒక కంపెనీ అనుకుంటే పొరపాటు. అది ఐదు సంస్థానాలు. రోడ్లు, కాలువలు, తాగునీరు, భవనాలు, కరెంటు. ఒక్కో విభాగానికి ఒక అధిపతి, ఆయనకి హైదరాబాదు హెడ్డాఫీసులో ఒక అంతస్తు, ఆ అంతస్తులో ఆయన చెప్పిందే వేదం. రోడ్ల వాళ్ళ క్రేను ఎండలో తుప్పు పట్టిపోతున్నా భవనాల వాళ్ళకి ఇవ్వరు. కాలువల వాళ్ళ క్యాంటీన్‌లో తాగునీటి వాళ్ళు టీ తాగితే నెలాఖరుకి బిల్లు పంపిస్తారు. ఊళ్ళలో కల్వర్టులు కట్టుకుంటూ పైకొచ్చిన చైర్మన్ విరూపాక్షరావుగారికి ఈ కీచులాటలంటే మహా సరదా. పక్కవాణ్ణి చూసి కుళ్ళుకుంటేనే మనిషి పరిగెత్తి పనిచేస్తాడని ఆయన నమ్మకం.

ఈ ఐదుగురూ పేచీ పెట్టకుండా ఒప్పుకున్నది ఒక్కటే, ఇందుమతి కనిపెట్టిన తోడు.

ఇందుమతి కంపెనీ ల్యాబుకి పెద్ద. తెనాలి పిల్ల, యాభై దాటింది, భర్త పోయాక ల్యాబే లోకంగా బతికింది. నల్లగొండ జిల్లాలో కాలువ పని జరిగేచోట, కంపెనీ కాలనీ పక్కనే రేకుల షెడ్డులో ఆ ల్యాబు. సున్నపురాతి గుట్టల్లో దొరికిన ఒక సూక్ష్మజీవిని పట్టి, ఏళ్ళ తరబడి సాకి, అది కాంక్రీటులో బతికేలా చేసింది. బయటి ఊళ్ళ నుంచి పెద్దమనుషులు ఎవరైనా చూడటానికొస్తే ఆవిడ పెద్దగా ఉపన్యాసం ఇచ్చేది కాదు. సుత్తి తీసుకుని ఒక పలక మీద ఒక్కటిచ్చేది. పలక అడ్డంగా నెర్రె విచ్చేది. దాన్ని నీళ్ళ తొట్టిలో పడేసి, "భోజనం చేసి రండి" అనేది. వాళ్ళు తిని చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి నెర్రె ఉన్నచోట సన్నటి తెల్లగీత మాత్రం మిగిలేది. లోపలి జీవి నీళ్ళలోని సున్నం లాగి, సందు పూడ్చేసేది.

ఒకసారి కలిపిన కాంక్రీటు మాలులోంచి బకెట్టెడు తీసి ఉంచితే తర్వాతి మాలుకి అదే పనికొస్తుంది. మేస్త్రీలకి ఈ సంగతి నేర్పేటప్పుడు ఇందుమతి, "పెరుగు తోడేసినట్టేనయ్యా, కొంచెం మిగల్చండి, రేపటికి వెయ్యండి" అని చెప్పింది. అప్పటిదాకా బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. ఆ రోజు నుంచీ దాని పేరు తోడు. పేరు తను పెట్టినందుకు ఆవిడకి లోలోపల గర్వంగానే ఉండేది.

తోడులో రెండు రకాలున్నాయి. కాలువలకి వాడేది నీలం బకెట్టులో ఉంటుంది. అది మహా ఆకలిది, కొట్టుకుపోయి మరీ సందులు వెతుక్కుంటుంది. తాగునీటి ట్యాంకులకి వాడేది తెల్ల బకెట్టులో ఉంటుంది. అది సాధువు, గోడ వదిలి కదలదు. నీలం బకెట్టు తెల్ల బకెట్టు దగ్గరికి పోకూడదని ఇందుమతి ఒక రూలు పెట్టింది. ఐదు విభాగాలూ తలలూపాయి.

కాలనీ తాగునీటి ట్యాంకు ప్రారంభమై ఏడాది కావస్తుండగా ఇందుమతికి మనవరాలు పుట్టింది. కూతురు హారిక పురిటికి తల్లి క్వార్టరుకే వచ్చింది. రావడమంటే రెండు వీధులు దాటడమే, అల్లుడు కూడా అదే కంపెనీ, తాగునీటి విభాగంలో ఇంజనీరు. పేరు మత్స్యగిరి. పెళ్ళికి ముందు ఇందుమతి ల్యాబులోనే పని నేర్చుకున్నాడు కాబట్టి ఇప్పటికీ ఇంట్లో అత్తయ్య, గేటు దాటితే మేడమ్. ఆవిడా గిరీ అని, నువ్వు అనీ పిలిచే చనువు ఉంచుకుంది. పక్కూరే అతనిది. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగిపోయిన ఊరు. ఆ ఊరికీ కాలనీకీ కలిపి కృష్ణా నీళ్ళ ట్యాంకు కట్టించింది అతనే. నల్లా తిప్పిన రోజున తల్లి సత్తెమ్మ మొదటి గ్లాసు తాగుతుంటే అందరి ముందూ ఏడ్చేశాడు.

పాపకి నీళ్ళు పోసే పని ఇందుమతి ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, వాటి మీద పాపని పడుకోబెట్టి, ఒళ్ళంతా నూనె రాసి, చివర్న మాడు మీద ఆముదం అద్దేది. పసిపిల్లల నడినెత్తిన ఎముక కలవని మెత్తటి చోటు అది. వేలు ఆనిస్తే లోపల గుండె కొట్టుకున్నట్టు కదులుతుంది. ఏడాది దాటితే గాని పూడదు. అక్కడ ఆముదం అద్దేటప్పుడు ఎంత చదువుకున్న ఆడదైనా ఊపిరి బిగబట్టి అద్దుతుంది.

ఆ పొద్దున ఇందుమతి వేలికి మెత్తన తగల్లేదు.

మళ్ళీ తడిమింది. పక్కకి జరిపి చూసింది. బల్ల మీద చెయ్యి పెట్టినట్టుంది. పాపేమో ఎప్పటిలాగే గుక్కపట్టి ఏడుస్తోంది. ఇందుమతి నీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి, సాంబ్రాణి పొగ వేసి తెచ్చి హారిక పక్కన పడుకోబెట్టింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

హారిక పాపని అందుకోబోయి చెయ్యి విదిలించుకుంది. నాలుగు రోజులుగా పొద్దున లేవగానే పిడికిలి ముడుచుకోవడం లేదని, బాలింతని కదా, వాతమై ఉంటుందని చెప్పింది. పాపని చూడటానికొచ్చిన సత్తెమ్మ ఆ మాట విని నవ్వింది.

"నాకైతే ఉన్న నొప్పులన్నీ పోయినయ్ వదినా. గీ నీళ్లు తాగవట్టినప్పటి సంది నడుము గుంజుడు లేదు, మోకాళ్ల సలుపు లేదు. మా ఊళ్లె అందరు గదే మాట. నీ అల్లుని పేరు చెప్పి దీపం పెడుతున్నరు."

మంచిమాటే. కానీ ఆవిడ మంచం మీద కూర్చున్న తీరు ఇందుమతి చూసింది. మోకాళ్ళు వంచకుండా, చెక్కబొమ్మని ఒరగబెట్టినట్టు వెనక్కి వాలింది. గ్లాసుని వేళ్ళతో పట్టుకోలేక రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగుతోంది. నొప్పి పోయింది నిజమే. కదిలితే కదా నొయ్యడానికి.

ఇందుమతి అప్పుడే లేచింది. ట్యాంకు గోడ గీకి ఒక సీసాలో, నల్లా నీళ్ళు ఇంకో సీసాలో పట్టుకుని ల్యాబుకి పోయింది. వంటింట్లోంచి తెచ్చిన మాంసం ఎముకని రెండు ముక్కలు చేసి, మధ్య వేలెడు సందు వదిలి, నల్లా నీళ్ళలో ఉంచింది. రెండు రోజులు మనిషి అటూ ఇటూ తిరగలేదు, ఇంటికి పోయి పాపకి నీళ్ళు పోసి రావడం, సీసా ముందు కూర్చోవడం. మూడోనాటికి రెండు ముక్కలూ ఒక్క ఎముక. అతికినచోట సన్నటి తెల్లగీత ఉంది. ఆ గీత ఆవిడకి కొత్తది కాదు. తన బిడ్డ లాంటిది.

అర్థం కావలసిందంతా అర్థమైంది. ట్యాంకు గోడలో ఉన్నది తెల్ల బకెట్టుది కాదు, నీలం బకెట్టుది. శుద్ధి చేసిన కృష్ణా నీళ్ళలో దానికి చాలినంత సున్నం లేదు. ఆకలికి గోడ వదిలి, నీళ్ళలో పడి, మనుషుల ఒంట్లోకి, తల్లి పాలలోంచి పసిపిల్లల్లోకీ చేరింది. అక్కడ సున్నానికి కొదవ లేదు. దానికి తెలిసిన పని కూడా ఒక్కటే, సందు కనిపిస్తే పూడ్చడం. వేలి గణుపుల మధ్య సందు, వెన్నుపూసల మధ్య సందు, పసిపిల్ల నడినెత్తిన సందు. దాని కంటికి అన్నీ పగుళ్ళే.

గిరిని పిలిపించింది. సీసా చూపించి, తెల్ల తోడు ఏమైందని అడిగింది. అతను సీసా తీసి వెలుతురుకెత్తి చూశాడు.

"మే నెలల చచ్చిపోయింది మేడమ్. షెడ్డు రేకులు నిప్పుల్లెక్క కాలినయ్. మళ్ల పెంచాలంటే నెలన్నర అన్నరు మీ ల్యాబులనే. ప్రారంభం తారీకు దగ్గర పడ్డది, ఊళ్లె రోజూ అడుగుతున్నరు. రోడ్డు దాటితే కాలువల క్యాంపు. ఒక బకెట్ అడిగిన, ఇచ్చిన్రు."

"రూలు తెలుసు కదా గిరీ నీకు."

"తెలుసు. క్రేను ఇయ్యొద్దు, టీ తాగొద్దు, బకెట్ కలపొద్దు. అన్నీ ఒక్కతీరు రూల్సే అనుకున్న. పైన సార్లు కొట్లాడుకోనీకె పెట్టుకున్న రంగులనుకున్న." సీసా బల్ల మీద పెట్టేశాడు. "ఇంట్ల తోడు లేకుంటే పక్కింట్ల అడుగుతం గదా అత్తయ్యా. గట్లనే అనుకున్న."

ల్యాబులో నిలబడి అత్తయ్యా అన్నాడు. ఇందుమతి అతన్ని తిట్టలేకపోయింది. పెరుగు తోడులాంటిదేనని నేర్పింది ఎవరు మరి?

పాపని హైదరాబాదు తీసుకుపోయి చూపించారు. పుర్రె ఎముకలన్నీ ముందే కలిసిపోయాయని, లోపల మెదడు పెరుగుతుంటే దానికి చోటు లేదని, ఎముక కోసి సందు చెయ్యాలని డాక్టరు చెప్పాడు. హారిక ఆ మాటలు వింటూ పాప పాదాలు నిమురుతూనే ఉంది. ఇందుమతి ఒక్కతే అడగవలసింది అడిగింది. కోశాక మళ్ళీ పూడితే? రెండోసారి కత్తి పడితే ఇంత పసికందు తట్టుకోదన్నాడు ఆయన.

అక్కడి నుంచి నేరుగా హెడ్డాఫీసుకి పోయింది. చైర్మన్ ఓపిగ్గా విన్నాడు. దుర్మార్గుడేం కాదు, విన్నంతసేపూ మొహం నల్లబడుతూనే ఉంది. ఐదుగురు అధిపతుల్నీ పైకి పిలిపించి, ఇంకెక్కడైనా ఇలా జరిగిందా అని అడిగాడు. ముందు అందరూ లేదన్నారు. తర్వాత వాళ్ళ వాళ్ళ సైట్లకి ఫోన్లు చేశారు. చేసినకొద్దీ ఒక్కో బకెట్టు బయటపడింది. గిరి ట్యాంకు నుంచి మిగిలిన తాగునీటి ట్యాంకులకి తోడు వెళ్ళింది, తెల్ల బకెట్టులో ఉంది కదా అని. తాగునీటిది సాధువని పేరు కాబట్టి భవనాల వాళ్ళు అక్కణ్ణుంచి తెచ్చుకున్నారు, అపార్ట్‌మెంట్ల మీది ట్యాంకులకి. వాళ్ళ దగ్గర కరెంటు వాళ్ళు, తమ కాలనీలకి. పైన టీ కప్పు కూడా పంచుకోని ఐదు విభాగాలు కింద సైట్లలో బకెట్లు పంచుకుంటూనే ఉన్నాయి. మేస్త్రీలు ఒకరినొకరు అన్నా, తమ్మీ అని పిలుచుకుంటూ అడిగినవాడికి లేదనకుండా ఇచ్చుకున్నారు.

నల్లాలన్నీ ఇవాళే కట్టెయ్యాలని ఇందుమతి అంది.

"కట్టేసి ఏం తాగిస్తాం తల్లీ?" అన్నాడు విరూపాక్షరావు. "తోడుంది కదా అని గోడలు సగానికి పల్చన కట్టాం. దాన్ని చంపితే ట్యాంకులు నిలవవు. వంతెనలు నిలవవు. ఈ మాట బయటికి పొక్కితే జనం ఏ కప్పు కింద పడుకుంటారు? నాకు కొంచెం టైమివ్వండి. నెమ్మదిగా చక్కబెడదాం."

నెమ్మదిగా అన్నప్పుడు ఆయన చెయ్యి బల్ల మీద ఉంది. ఉంగరం వేలు మిగతా వేళ్ళతో కలిసి ముడుచుకోవడం లేదు. ఆయన దాన్ని ఇంకా గమనించినట్టు లేదు. ఇందుమతి గమనించింది, చెప్పింది కూడా. ఆయన చెయ్యి బల్ల కిందికి తీసుకున్నాడు. ఒక కమిటీ వేస్తానన్నాడు.

కమిటీ సంగతి ఆవిడకి తెలియనిది కాదు. సీసాలు, ఎముక ముక్కలు తీసుకుపోయి జిల్లా అధికారులకి అప్పగించింది, పత్రికల వాళ్ళకి చూపించింది. వాళ్ళు నమ్మి కదిలేదాకా ఊరు ఆ నీళ్ళు తాగుతూ కూర్చుంటే కుదరదు కదా. గిరి, ఆవిడ కలిసి ట్యాంకు దగ్గరికి పోయారు.

వాల్వు మీద గిరి చెయ్యి వేసేసరికి ఊరంతా వచ్చింది. ఎవరూ గట్టిగా మాట్లాడలేదు, కానీ ఎవరూ తప్పుకోలేదు. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, అందరూ మోకాలు వంచకుండా అడుగులేస్తూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. అందరికన్నా ముందు సత్తెమ్మ.

"నలభై ఏండ్లు నొప్పితోటి నిద్ర లేదు వదినా నాకు," అంది. "ఇప్పుడు కన్ను మూస్తే తెల్లారేదాంక పంటున్న. పోయిన నొప్పిని మళ్ల తెచ్చుకొమ్మంటవా? ఈ నీళ్లు ఆపితే మాకేమున్నది, ఫ్లోరైడని ఎర్ర రంగేసిన బోరింగు తప్ప. అది తాగే కదా గిట్లయినం."

కొడుకు ఏదో చెప్పబోతే వినలేదు. సూక్ష్మజీవి, సున్నం, సందు అని ఇందుమతి చెప్పినవీ ఆవిడ చెవికెక్కలేదు. అప్పుడు హారిక పాపనెత్తుకుని జనంలోంచి ముందుకొచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని పాప నడినెత్తి మీద పెట్టింది.

సత్తెమ్మ ఊళ్ళో ఎంతమందికి లాల పోసిందో లెక్క లేదు. వంగని వేళ్ళతోనే తడిమింది. ఒకసారి చూసి తీసెయ్యలేదు, వెతికింది. ముందుకీ వెనక్కీ వెతికింది. ఆవిడ మొహం చూడలేక గిరి వెనక్కి తిరిగాడు.

"మాడు ఏది బిడ్డా?" అని అడిగింది చివరికి, చాలా మెల్లగా.

సత్తెమ్మ పక్కకి జరిగింది. ఆవిడ జరగడం చూసి ఊరు కూడా జరిగింది. గిరి వాల్వు కట్టేశాడు. ఆ సాయంత్రం ఎర్ర రంగు బోరింగు ముందు మళ్ళీ బిందెలు లైను కట్టాయి.

ఆపరేషన్‌కి ముందు ఇందుమతి ల్యాబులో ఇంకొక్కటి చూసుకుంది. వంతెన స్లాబుల మధ్య వదిలిన సందుల్ని తోడు పూడ్చేస్తుందేమోనని రోడ్ల వాళ్ళు ఒకప్పుడు గోల చేశారు. పూడ్చలేదు. బండ్లు తిరుగుతూ కదిలే సందు దానికి లొంగదు. ఎముక ముక్కలతో అదే చేసింది. కదలకుండా ఉంచిన సీసాలో అతుక్కున్నాయి. ఊపే యంత్రం మీద పెట్టిన సీసాలో మాత్రం విడివిడిగానే ఉన్నాయి. యంత్రం ఆపిన పూటే సన్నటి గీత పడటం మొదలైంది.

కోసినచోట ఎముకని ఆగకుండా కదుపుతూ ఉండాలంటే డాక్టరు మొదట ఒప్పుకోలేదు. ఎముకలు అతికిన సీసా చూసి ఒప్పుకున్నాడు. ఎలా కదపాలో, ఎంత మెత్తగా కదపాలో తనే చేసి చూపించాడు. ఎన్నాళ్ళని ఇందుమతిని అడిగాడు. ఒంట్లో ఉన్నదంతా చచ్చేదాకా. ఎన్నాళ్ళకి చస్తుందో ఆవిడకి తెలియదు. ఈ జీవి గురించి ఆవిడకి తెలియదన్న మాట ఆ నోటి వెంట రావడం అదే మొదటిసారి.

కోత కోసి, చర్మం కుట్టి, పాపని గదికి తెచ్చారు. ఆ గదిలోకి పోయేముందు ఇందుమతి ఆసుపత్రి ఎవరు కట్టారో కనుక్కుంది. ఎప్పటిదో పాత భవనమని తెలిశాక గాని తనవాళ్ళెవరినీ నీళ్ళు ముట్టనివ్వలేదు. ఈమధ్య ఎక్కడికి పోయినా ఆవిడ అదే అడుగుతోంది. నగరంలో అలా అడగవలసిన మేడలు ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తే మతి పోతోంది. పేపర్లో వార్త వచ్చింది. మేరుశిఖర వాళ్ళు దాన్ని ఖండిస్తూ దాని కన్నా పెద్ద ప్రకటన వేశారు. నగరం ఎప్పటిలాగే నల్లాలు తిప్పుకుంటోంది.

గదిలో వంతులు వేసుకున్నారు. రెండు వేళ్ళు పాప నడినెత్తిన, కుట్లకి అటొకటి ఇటొకటి. పువ్వు మీద ఆనించినట్టు నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. హారిక, తర్వాత గిరి, తర్వాత ఇందుమతి. పాప పాలు తాగుతున్నా, నిద్రపోతున్నా చెయ్యి ఆగకూడదు. ఒకసారి గిరి నిలబడే కునుకు తీశాడు. వేళ్ళు మాత్రం కదులుతూనే ఉన్నాయి. ఉద్యోగంలోంచి తీసేసినట్టు కంపెనీ నుంచి వచ్చిన కబురు అతను ఇంకా పూర్తిగా వినలేదు కూడా.

మధ్యాహ్నం సత్తెమ్మ ఊరి నుంచి వచ్చింది. బోరింగు నీళ్ళు తాగుతోందట, ఊరంతా అవే తాగుతోందట. ఆ మాట మామూలుగా చెప్పి, చేతులు కడుక్కుని, నా వంతు ఎప్పుడని అడిగింది. వంగని వేళ్ళతో ఎలా అని ఇందుమతి సందేహించింది. కానీ ఆవిడ మొహం చూసి కాదనలేక కుర్చీ ఇచ్చింది. మొదట్లో సత్తెమ్మ ముంజేతిని మొత్తంగా ఊపుతూ నొక్కింది. పక్కనే ఇందుమతి కళ్ళార్పకుండా కాపు కాసింది. కాసేపటికి మణికట్టు కదిలింది. ఇంకా కాసేపటికి చూపుడు వేలు, గణుపు దగ్గర, అతి కష్టం మీద, రవ్వంత వంగింది. సత్తెమ్మ పళ్ళు బిగబట్టింది.

"వేళ్లు నొస్తున్నయి వదినా," అంది.

ఆ మాట కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూసినట్టు ఇందుమతి కుర్చీ దగ్గరికి జరిగింది.

"నొయ్యనీ వదినా. ఆపకు."

సత్తెమ్మ చెంపల మీంచి నీళ్ళు కారి పాప తువ్వాలు మీద పడ్డాయి. తుడుచుకోడానికి కూడా ఆవిడ చెయ్యి తియ్యలేదు.